టాంపా కోన్ మధ్యలో ఉందంటున్నారు, అమ్మానాన్నలతో ఇల్లు వదిలి వెళ్లాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఫ్లోరిడాలో టాంపాకు ఉత్తరాన, పాస్కో కౌంటీలోని వెస్లీ చాపెల్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. మీరిద్దరూ, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నా, మొత్తం నలుగురు. నాన్నగారికి ఇన్సులిన్. పశ్చిమ కరేబియన్‌లో ఇంకా పేరు కూడా పెట్టని అల్పపీడనం ఒకటుంది, ఐదు రోజుల్లో గల్ఫ్ మీదుగా ఫ్లోరిడాకు వస్తుందంటున్నారు. టీవీలో చూపించే కోన్, అంటే తుపాను కేంద్రం దారి అంచనా బొమ్మ, దాని మధ్యగీత సరిగ్గా టాంపా మీద ఉంది. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో గీత చూపిస్తున్నారు. ఎక్కడ తీరం దాటుతుందో ఎప్పటికి కచ్చితంగా చెప్తారు, ఇప్పుడే అట్లాంటా బయల్దేరాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఇవాళ బయల్దేరొద్దు. ఐదు రోజుల ముందు మధ్యగీత ఏ ఊరి మీద ఉందన్నది పట్టించుకోవాల్సిన సంగతే కాదు. తీరం దాటే చోటు పాతిక ముప్పై మైళ్ల తేడాతో తెలిసేది దాదాపు చివరి రోజునే, అప్పటికి ఊరు దాటే టైము అయిపోతుంది. కాబట్టి ఉండాలా వెళ్లాలా అన్నది ఆ గీతను చూసి కాదు, రెండు విషయాలు చూసి తేల్చుకోవాలి: మీ అడ్రసు ఏ ఇవాక్యుయేషన్ జోన్‌లో (ఉప్పెన వస్తుందంటే ఖాళీ చేయించే ప్రాంతంలో) ఉంది, మీ ఊళ్లో గాలి ఎన్ని గంటలకు మొదలవుతుంది. వెస్లీ చాపెల్ సముద్రానికి దూరం, అక్కడ చాలా అడ్రసులు ఏ జోన్‌లోకీ రావు. మీదీ అంతే అయి, బిల్డింగ్ 2002 తర్వాత కట్టినదైతే, మీరు ఇంట్లోనే ఉండిపోయే అవకాశమే ఎక్కువ. కరెంటు లేకుండా వారం రోజులు గడవడానికి సిద్ధం కావడం మీ అసలు పని.

ఇక కారణాలు.

కోన్ అంటే తుపాను వెడల్పు కాదు, దెబ్బతినే ప్రాంతమూ కాదు. తుపాను కేంద్రం ఎక్కడుండొచ్చో చెప్పే బొమ్మ, అంతే. మయామిలోని నేషనల్ హరికేన్ సెంటర్ వాళ్లు గత ఐదేళ్లలో తమ అంచనాలు ఎంతెంత తప్పాయో లెక్కగట్టి, మూడింట రెండు వంతుల సార్లు కేంద్రం లోపలే ఉండేంత వలయం ఒక్కో గడువుకు గీస్తారు. ఆ వలయాలన్నిటినీ కలిపితే కోన్. ఇటీవలి ఏళ్లలో అట్లాంటిక్ వైపు ఆ వలయం వ్యాసార్థం 24 గంటలకు సుమారు 45 మైళ్లు, 48 గంటలకు 80, మూడు రోజులకు 115, ఐదు రోజులకు 250 మైళ్ల దాకా ఉంటోంది. ఐదో రోజు చుక్క టాంపా మీద ఉందంటే, అటు పనామా సిటీ చుట్టుపక్కల నుంచి ఇటు మయామి దాకా ఎక్కడైనా రావచ్చనే అర్థం. అదీ మూడింట రెండు సార్లే. మూడోసారి ఆ వలయం కూడా దాటిపోతుంది. అలా దాటితే అంచనా ఘోరంగా తప్పినట్టు కాదు, బొమ్మ గీసే పద్ధతిలోనే ఆ లెక్క ఉంది.

చాలామందికి తెలియని ఇంకో సంగతి. కోన్ వెడల్పు సీజన్ మొదట్లోనే ఖరారైపోతుంది, ఆ ఏడాది వచ్చే తుపానులన్నిటికీ అదే కొలత. మీ తుపాను దారి తేలిగ్గా తెలిసిపోతున్నా, దారి లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లన్నీ కొట్టుకుంటున్నా కోన్ మాత్రం అంతే ఉంటుంది. కోన్ సన్నబడిందంటే తుపాను మనకు దగ్గరైందని తప్ప, ఫోర్‌కాస్టర్లకు ధైర్యం పెరిగిందని కాదు.

కోన్ చూసి నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో టాంపావాళ్లు 2024లో రెండు వారాల తేడాలో రెండు రకాలుగానూ చూశారు. సెప్టెంబర్ 26న హెలీన్ తుపాను టాంపాకు వంద మైళ్లకు పైగా పడమరగా, సముద్రం మీదుగానే పోయి పైన పెర్రీ దగ్గర కేటగిరీ 4గా (గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 దాకా ఉండే స్థాయిల్లో నాలుగోది) తీరం దాటింది. చివరి రోజుల్లో కోన్ టాంపా తీరాన్ని వదిలి పడమరగానే ఉంది. అయినా టాంపా బేలో (ఊరిని ఆనుకున్న అఖాతంలో) నీళ్లు ఆరేడు అడుగులు ఎక్కి పాత రికార్డులు పోయాయి, పినెలాస్ కౌంటీ తీరంలో పదిమందికి పైగా చనిపోయారు. అక్టోబర్ 9న మిల్టన్ వచ్చింది. దాని కోన్ టాంపాను ముందు నుంచీ పట్టుకునే ఉంది. నాలుగు రోజుల ముందు వేసిన గీతకూ చివరికి సారసోటా పక్కన సియెస్టా కీ దగ్గర దాటిన చోటుకూ తేడా కూడా చాలా తక్కువ. కానీ బేలో ఉప్పెన రాలేదు సరికదా, నీళ్లే సముద్రంలోకి లాక్కుపోయి బే అడుగు నేల బయటపడింది. ఒకసారి కోన్ బయట ఉన్నా మునిగారు, ఇంకోసారి కోన్ లోపల ఉన్నా సముద్రం మీదికి రాలేదు.

ఎందుకంటే మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. పడమర నుంచి ఫ్లోరిడా తీరానికి వచ్చే తుపానుకు కుడి పక్క, అంటే దక్షిణం వైపు, గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. ఎడమ పక్క, అంటే ఉత్తరం వైపు, ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది. మిల్టన్ కన్ను, అంటే దాని కేంద్రం, టాంపా బే ముఖద్వారానికి పాతిక ముప్పై మైళ్లు కింద దాటింది కాబట్టి టాంపా ఎడమ పక్కన పడింది. అదే పైన దాటి ఉంటే కథ వేరు. నాలుగు రోజుల ముందు ఆ పాతిక మైళ్లు చెప్పగలిగే విద్య ఇంకా ఎవరి దగ్గరా లేదు. ఇంకో మాట: బేలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు చూద్దామని, ఫోటోలు తీసుకుందామని ఆ నేల మీదికి దిగకండి. గాలి తిరిగితే అవే నీళ్లు వెనక్కొస్తాయి.

ఫ్లోరిడా పడమటి తీరానికి అంచనా వేయడం మామూలు కంటే కష్టం. దీని వెనకున్నది చిన్న జ్యామితి. తుపాను తీరానికి నిట్టనిలువుగా వస్తే, దారి పదిహేను మైళ్లు పక్కకు జరిగినప్పుడు తీరం దాటే చోటూ పదిహేను మైళ్లే జరుగుతుంది. తీరాన్ని 30 డిగ్రీల కోణంలో తాకేలా వస్తే ఆ పదిహేను మైళ్లు ముప్పై అవుతాయి. 15 డిగ్రీలైతే దాదాపు అరవై. దక్షిణం నుంచి గల్ఫ్‌లో పైకొచ్చే తుపాను ఫ్లోరిడా తీరానికి దాదాపు సమాంతరంగా పోతుంది. కొంచెం కుడికి తిరిగిందంటే టాంపాకు రావలసింది ఫోర్ట్ మయర్స్ దగ్గరే ఎక్కేస్తుంది. 2004లో చార్లీ అదే చేసింది, 2022లో ఇయన్ అదే చేసింది. రెండిట్లోనూ జనం చూపంతా టాంపా మీదే ఉంది, రెండూ దాదాపు ఒకే చోట, కేయో కోస్టా దగ్గర తీరం దాటాయి. ఇయన్ అప్పుడు మధ్యగీత పైన ఉండటంతో ఫోర్ట్ మయర్స్ ఉన్న లీ కౌంటీలో చాలామంది అది తమకు కాదనుకున్నారు. అక్కడ ఖాళీ చేయమన్న ఆదేశం వచ్చింది సెప్టెంబర్ 27న, తుపాను దాటింది 28 మధ్యాహ్నం. ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో 10 నుంచి 15 అడుగుల నీళ్లొచ్చాయి.

మన వైపు పోల్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2014 హుద్‌హుద్ విశాఖ తీరానికి ఇంచుమించు నిలువుగా వచ్చింది, చోటు ముందుగానే చెప్పగలిగారు. 2022 మే నెలలో అసని కోస్తాకు సమాంతరంగా ఒడిశా వైపు తిరిగి సముద్రంలోనే పోతుందనుకుంటే, ఆ తిరగడం ఆలస్యమై మచిలీపట్నం, నరసాపురం మధ్య ఒడ్డెక్కింది. రెండిటినీ చూసిందీ అదే వాతావరణ శాఖ. తేడా అంతా కోణంలోనే ఉంది.

దారి ఎందుకు మారుతుందన్నది కూడా కొంచెం తెలిస్తే టీవీలో అరుపులకు కంగారు తగ్గుతుంది. తుపానుకు సొంతంగా వెళ్లే శక్తి చాలా తక్కువ. గోదాట్లో కొట్టుకొచ్చే దుంగ లాంటిది, చుట్టూ ఉన్న గాలి ప్రవాహం ఎటు పోతే అటు పోతుంది. అట్లాంటిక్ మీద బెర్ముడా వైపు ఎప్పుడూ ఒక అధిక పీడన ప్రాంతం ఉంటుంది, తుపాను దాని అంచు పట్టుకుని పడమరకూ ఉత్తరానికీ పోతుంది. అమెరికా నేల మీదుగా పడమర నుంచి ఒక ద్రోణి వస్తే, అది తుపానును ఈశాన్యానికి లాగేస్తుంది. మీ తుపాను ప్రశ్నంతా ఆ ద్రోణి ఎప్పుడొస్తుందన్నదే. తుపాను గంటకు 10 మైళ్ల వేగంతో పైకి పోతోందనుకోండి. ద్రోణి 12 గంటలు ముందొస్తే, 120 మైళ్లు కిందే మలుపు తిరుగుతుంది, నేపుల్స్‌కో ఫోర్ట్ మయర్స్‌కో పోతుంది. 12 గంటలు ఆలస్యమైతే 120 మైళ్లు పైకి పోయి బిగ్ బెండ్‌లో (టాంపాకు పైన తీరం వంపు తిరిగే చోట) ఎక్కుతుంది. ఐదు రోజుల తర్వాత రావలసిన ఆ ద్రోణి సగం రోజు అటూ ఇటూ కావడం ఏ మోడల్‌కైనా మామూలు తప్పే.

పైగా మీరు అడుగుతున్నదానికి ఇంకా కేంద్రమే సరిగ్గా ఏర్పడలేదు. బలహీనంగా ఉన్నప్పుడు కింది పొరల గాలి దాన్ని నడిపిస్తుంది, బలపడి ఎత్తుకు పెరిగాక పై పొరల గాలి నడిపిస్తుంది. ఆ రెండు గాలులూ ఒకే దిక్కున ఉండాలని లేదు. కాబట్టి ఎంత బలపడుతుందో తెలియకుండా ఎటు పోతుందో తెలియదు. మేఘాల గుంపులో కేంద్రం ఒకచోట చెదిరి అరవై మైళ్ల అవతల మళ్లీ ఏర్పడటం కూడా ఈ దశలో సహజం. అలా అయిన రోజు గీతలన్నీ ఒక్కసారిగా జరుగుతాయి, యూట్యూబ్‌లో ‘షాకింగ్ షిఫ్ట్’ అని థంబ్‌నెయిల్ వస్తుంది. నిజానికి షాక్ ఏమీ లేదు, లెక్క మొదలుపెట్టిన చుక్క మారింది, అంతే.

మిస్సిసిపీలోని కీస్లర్ స్థావరం నుంచి వాయుసేన హరికేన్ హంటర్ విమానాలు, ఫ్లోరిడాలోని లేక్‌లాండ్ నుంచి నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) విమానాలు వెళ్లి, కేంద్రంలోనూ చుట్టుపక్కలా డ్రాప్‌సాండ్‌లు వదులుతాయి. చిన్న పారాచూట్‌కు కట్టిన గొట్టం లాంటి పరికరం అది, కిందికి పడుతూ పీడనం, తేమ, గాలి కొలిచి పంపిస్తుంది. ఆ కొలతలు మోడళ్లలోకి ఎక్కాక వచ్చే అంచనాను నమ్మడం మొదలుపెట్టండి. అంతవరకు చూస్తున్నది చాలావరకు ఉపగ్రహాల నుంచి, దూరం నుంచి కట్టిన లెక్క.

స్పాగెట్టి పటం, అంటే రకరకాల మోడళ్లు చూపే దారులన్నీ ఒకేచోట వేసిన బొమ్మ, దాని గురించి. సేమియా ఉప్మా ప్లేటులా గీతలన్నీ కలిసి ఉన్న ఆ బొమ్మ చూసి భయపడే ముందు అందులో ఏమున్నాయో చూడండి. ఎక్స్‌టీఆర్‌పీ అనే పేరుతో నిటారు గీత ఒకటి ఉంటుంది. అది మోడలే కాదు, తుపాను ఇప్పుడు పోతున్న దిక్కునే పోతూ ఉంటే ఎక్కడికి చేరుతుందో స్కేలు పెట్టి గీసింది. సీఎల్‌పీ5 అనేది పాత తుపానుల సగటు, మిగతావాటి పనితనం దానితో పోల్చడానికి వేస్తారు. టాబ్ అని మొదలయ్యేవి చాలా సాదా లెక్కలు. ఈ గీతలు తీసేసి చూస్తే గుంపు కొంత పలచబడుతుంది. మిగిలినవాటిలో కొన్ని ఆరు గంటల పాతవి, కొన్ని పన్నెండు గంటల పాతవి. అమెరికా మోడల్ జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది, యూరోపియన్ మోడల్‌ది వేరే పద్ధతి, అన్నీ కలిపి ఒకే పటం మీద వేసేస్తారు.

ఒక్క మోడల్‌కు అభిమానులు కావద్దు. ఇయన్ అప్పుడు జీఎఫ్‌ఎస్ పడమరకు తప్పింది, యూరోపియన్ తూర్పుగా ఉండి అసలుకు దగ్గరైంది. అది చూసి యూరోపియనే దేవుడు అనుకున్నవాళ్లు ఉన్నారు, ఇంకో తుపానుకు అదే మోడల్ వాళ్లను ముంచుతుంది. ఏడాది మొత్తం మీద ఏ ఒక్క మోడల్ కంటే అన్నిటినీ కలిపిన కన్సెన్సస్, దాన్ని చూసి ఫోర్‌కాస్టర్లు గీసిన అధికారిక గీత మెరుగ్గా ఉంటాయి. మీకు మోడళ్లు చూడకుండా ఉండలేని అలవాటైతే ఎన్‌సెంబుల్ చూడండి. యూరోపియన్‌ది 51 గీతలు, జీఎఫ్‌ఎస్‌ది 31. మొదటి కొలతలను కొద్దికొద్దిగా మార్చి అదే లెక్క మళ్లీ మళ్లీ చేస్తారు. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నమ్మకం ఎక్కువ, విసనకర్రలా విచ్చుకుంటే తక్కువ. ఇంకా, ఒక రన్ (మోడల్‌ను ఒకసారి నడిపితే వచ్చిన లెక్క) చూసి ఏమీ తేల్చకండి. వరసగా మూడు నాలుగు రన్‌లు ఒకే వైపు జరుగుతుంటే అది సంగతి. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి ఊగుతుంటే అది కారు వైపర్. వాట్సాప్‌లో వచ్చే పదిహేను రోజుల తర్వాతి రంగుల బొమ్మను మాత్రం తెరవకుండానే డిలీట్ చేయండి.

బలం అంచనా దారి అంచనా కంటే కష్టం. మిల్టన్ 2024 అక్టోబర్ 7న ఒక్క రోజు కూడా పట్టకుండా కేటగిరీ 1 నుంచి 5కి పోయింది, గాలి గంటకు 180 మైళ్లకు చేరింది. తీరం దాటేసరికి కేటగిరీ 3. అందుకని ఐదు రోజుల ముందు ‘ఇది కేటగిరీ 2యే, పర్లేదు’ అనుకోవద్దు. పైగా కేటగిరీ అంటే గాలి వేగం ఒక్కటే. నీళ్లు ఎన్ని అడుగులొస్తాయో, వాన ఎన్ని అంగుళాలు పడుతుందో అందులో ఉండదు. తీరం వాళ్లకు దివిసీమ సంగతి చెప్పక్కర్లేదు, 1977లో ప్రాణాలు తీసింది గాలి కంటే ఉప్పెన.

మరి కోన్ బదులు ఏం చూడాలి? హరికేన్ సెంటర్ సైటులోనే మూడు బొమ్మలున్నాయి, కోన్ కంటే ఎక్కువ పనికొస్తాయి.

ఒకటి, గాలి వచ్చే సమయం. గంటకు 39 మైళ్ల గాలి మీ ఊరికి ‘వీలైనంత త్వరగా’ అంటే ఎప్పుడు రావచ్చో, ‘ఎక్కువ అవకాశంగా’ ఎప్పుడొస్తుందో రెండు పటాలుంటాయి. మీరు మొదటిదాన్ని పట్టుకోండి. బాల్కనీ సామాను లోపల పెట్టడం, పెట్రోలు, ప్రయాణం, అన్నీ ఆ గంటకు ముందే అయిపోవాలి. తీరం దాటేది రాత్రి ఎనిమిదింటికైనా గాలి పొద్దున్నే మొదలుకావచ్చు. గాలి గంటకు 40 మైళ్ల దాకా నిలకడగా వీస్తే టాంపా బే మీది సన్‌షైన్ స్కైవే లాంటి వంతెనలు మూసేస్తారు.

రెండు, ఉప్పెన పటం. నేల మీద ఎన్ని అడుగుల నీళ్లు నిలవొచ్చో చెప్తుంది. ఇది కేంద్రం దారి ఒక్కటే కాకుండా, అది తప్పే అవకాశాల్ని కూడా కలిపి వేసినది. అందుకే కోన్ అంచున ఉన్నవాళ్లకు కూడా ఇందులో పెద్ద అంకె కనిపించొచ్చు, దాన్నే నమ్మాలి.

మూడు, గాలి సంభావ్యత పట్టిక. కోన్ నడిమధ్యలో ఉన్న ఊరికి కూడా ఐదు రోజుల ముందు హరికేన్ స్థాయి గాలి, అంటే గంటకు 74 మైళ్లు, వచ్చే అవకాశం తరచూ పది శాతం లోపే కనిపిస్తుంది. ఆ అంకె చూస్తే రాత్రి నిద్రపడుతుంది.

హరికేన్ వాచ్ ఇచ్చారంటే తుపాను గాలులు మొదలవడానికి దాదాపు 48 గంటలుందని, వార్నింగ్ అంటే 36 గంటలని అర్థం. వాళ్ల బులెటిన్లు ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11కి వస్తాయి. వాచ్, వార్నింగ్ ఉన్నప్పుడు మధ్యలో 2కి, 8కి చిన్నవి వస్తాయి. ఈ వేళల్లో తప్ప మిగతా టైములో కొత్త సమాచారం దాదాపు ఉండదు. పది నిమిషాలకోసారి ఫోన్ తీయడం వల్ల పెరిగేది బీపీ ఒక్కటే.

జోన్ చూసేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. ఫ్లోరిడాలో ఏ నుంచి ఈ దాకా ఉండేవి ఇవాక్యుయేషన్ జోన్లు, సముద్రపు ఉప్పెన కోసం. ఏఈ, ఎక్స్ అని ఉండేవి ఫీమా (కేంద్ర విపత్తు సంస్థ) ఫ్లడ్ జోన్లు, ఇన్సూరెన్స్ కోసం. లీజు కాగితంలో ‘జోన్ ఎక్స్’ అని ఉంది కాబట్టి మాకు ఖాళీ చేయక్కర్లేదు అనేవాళ్లు కనిపిస్తుంటారు, ఆ రెండిటికీ సంబంధం లేదు. ‘నో యువర్ జోన్’ పటంలోనో, పాస్కో కౌంటీ సైటులోనో అడ్రసు కొట్టి చూడండి. జోన్ ఉండి దానికి ఆదేశం వచ్చిందంటే వాదన లేకుండా వెళ్లాలి. మొబైల్ హోమ్‌లో ఉండేవాళ్లు ఏ జోన్‌లో ఉన్నా, జోనే లేకున్నా వెళ్లాల్సిందే.

వెళ్లాల్సి వచ్చినా అట్లాంటా వద్దు. ఫ్లోరిడా ఎమర్జెన్సీ వాళ్లు ఎప్పుడూ చెప్పేది పదుల మైళ్లు వెళ్లమనే, వందల మైళ్లు కాదు. నీళ్ల నుంచి తప్పుకోవడమే లక్ష్యం, దానికి జోన్ లేని చోట గట్టి ఇల్లున్న స్నేహితులు చాలు. 2005లో రీటా వస్తుందని హ్యూస్టన్, గాల్వెస్టన్ ప్రాంతం నుంచి ఇరవై లక్షల మందికి పైగా ఒకేసారి రోడ్డెక్కారు. ఎండలో గంటల తరబడి నిలిచిపోయిన ట్రాఫిక్‌లోనూ, వృద్ధులను తీసుకెళ్తున్న బస్సుకు నిప్పంటుకునీ ప్రాణాలు పోయాయి, ఆ ప్రయాణం వల్ల చనిపోయినవాళ్ల లెక్క వంద దగ్గరుంది. తుపానేమో తూర్పుకు జరిగి లూసియానా సరిహద్దుకు పోయింది. 2017లో ఇర్మా మయామి మీదికి అనుకుని పడమటి తీరానికి పారిపోయినవాళ్ల వెనకే ఇర్మా కూడా పడమటి తీరానికి వచ్చింది. ఇక అట్లాంటా సంగతే చూడండి, హెలీన్ అప్పుడు అక్కడ 48 గంటల్లో 11 అంగుళాలకు పైగా వాన పడి వీధులు మునిగాయి. అమ్మానాన్నలను ఐ-75 హైవే మీద పన్నెండు గంటలు కారులో కూర్చోబెట్టడం కూడా ఒక ప్రమాదమే, దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

మీ ఇంటికి రోజువారీగా అయితే ఇలా.

ఇవాళ, రేపు: కారు ట్యాంకు నింపండి. నాన్నగారి మందులు లెక్కపెట్టండి, రెండు వారాలకు తక్కువుంటే ఇప్పుడే చూసుకోవాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల చీటీ ఇక్కడి ఫార్మసీలో చెల్లదు, వాక్‌-ఇన్ క్లినిక్‌లోనో ఫోన్ కన్సల్టేషన్‌లోనో ఇక్కడి డాక్టరుతో రాయించుకోవాలి, తుపాను ముందు రోజు అది జరగదు. మీ సొంత మందులకైతే ఎమర్జెన్సీ ప్రకటించాక ఫ్లోరిడా చట్టం ప్రకారం 30 రోజుల రీఫిల్ ముందే ఇస్తారు. ఇన్సూరెన్స్ కొత్తగా తీసుకుందామనే ఆలోచన ఉంటే ఆలస్యమైంది: ప్రభుత్వ ఫ్లడ్ పాలసీకి సాధారణంగా 30 రోజులు ఆగాలి, తుపాను దగ్గరకొస్తే కంపెనీలు కారు పాలసీలో మార్పులు కూడా ఆపేస్తాయి.

మూడు రోజుల ముందు: మనిషికి రోజుకు ఒక గాలన్ చొప్పున నలుగురికి వారానికి 28 గాలన్లు. అన్నీ కొనక్కర్లేదు, వంటింట్లో ఉన్న గిన్నెలు, స్టీలు బిందెలు కడిగి కుళాయి నీళ్లు పట్టి మూతపెట్టండి. బాత్‌టబ్ నింపితే ఫ్లష్‌కు పనికొస్తాయి, కానీ దాని బిరడా నెమ్మదిగా కారుతుంది, తెల్లారేసరికి టబ్ ఖాళీ. ముందు ఒక ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద బిరడా నొక్కండి. రద్దు చేసుకునే వీలున్న హోటల్ ఒకటి బుక్ చేసి పెట్టుకోవచ్చు.

రెండు రోజుల ముందు నిర్ణయం. అప్పటికి ఆదేశం రాకపోతే, జోన్ లేకపోతే, ఉండిపోండి. బాల్కనీలో తులసి కుండీ, కుర్చీలు, ప్రొపేన్ సిలిండర్ అన్నీ తీసేయాలి. సిలిండర్‌ను మాత్రం ఇంట్లోకి తేవద్దు, ఎక్కడ పెట్టాలో లీజింగ్ ఆఫీసును అడగండి. కిటికీలకు ఇంటూ గుర్తులా టేపు వేయడం దండగ, అద్దం పగలడం ఆగదు, పగిలితే పెద్ద పెద్ద పెంకులై పడుతుంది. కారు విషయం మీ కాంప్లెక్స్‌లో ముఖ్యం. ఫ్లోరిడా అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఒక చెరువుంటుంది, వాన నీళ్లు పోయే రిటెన్షన్ పాండ్. దాని గట్టు పక్కన పార్కింగ్ అందంగా ఉంటుంది కానీ ముందు మునిగేది అదే. మిల్టన్ రోజు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా వాన పడింది. చెట్టు కింద కాకుండా, చెరువుకు దూరంగా, ఎత్తుగా ఉన్న చోట పెట్టండి.

వంట: మీది కరెంటు పొయ్యి అయి ఉంటుంది. కరెంటు పోకముందే పులిహోర కలిపి పెడితే రెండు పూటలు నిలుస్తుంది. అటుకులు, మరమరాలు, కారప్పొడి, పళ్లు ఉంచుకోండి. ఫ్రిజ్ తెరవకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు. ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టండి. కరెంటు పోయిందని బొగ్గుల గ్రిల్లో క్యాంపింగ్ స్టవ్వో ఇంట్లో, తలుపులు మూసిన బాల్కనీలో వెలిగించొద్దు. జనరేటరైతే ఇంటికి కనీసం 20 అడుగుల దూరం. తుపాను వెళ్లిపోయాక కార్బన్ మోనాక్సైడ్‌తో పోయేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

ఇన్సులిన్: వాడుతున్న పెన్ చాలా రకాలకు 86 ఫారెన్‌హీట్ లోపు దాదాపు 28 రోజులు బయట ఉండొచ్చు, మీ రకానికి ఎంతో పెట్టెలోని కాగితంలో చూడండి. ఏసీ లేని ఫ్లోరిడా గది మధ్యాహ్నానికి ఆ వేడి దాటుతుంది. కాబట్టి కూలర్‌లో ఐసు, ఐసు మీద మందపాటి తువ్వాలు, దాని మీద డబ్బాలో ఇన్సులిన్. ఐసుకు నేరుగా తగిలి గడ్డకడితే అది పారేయాల్సిందే, కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పనిచేయదు. కుండలో తడిగుడ్డ చుట్టి పెట్టే మన పద్ధతి ఇక్కడి ఉక్కలో అంతగా చల్లబరచదు.

తుపాను రాత్రి: కిటికీలు లేని బాత్‌రూంలోనో, బట్టల అల్మరా గదిలోనో పడుకునే ఏర్పాటు. ఫోన్లో టోర్నడో అలర్టు సౌండు ఆన్‌లో ఉంచండి. మిల్టన్ పడమటి తీరం దాటకముందే, వంద మైళ్లకు పైగా అవతల తూర్పు తీరాన సెయింట్ లూసీ కౌంటీలో టోర్నడో ఆరుగురిని పొట్టనపెట్టుకుంది. కన్ను మీ మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగుతుంది, బయటికి వెళ్లొద్దు, ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలవుతుంది.

గుంటూరులో ఉన్నవాళ్ల కంగారు గురించి కూడా అడిగారు. అక్కడ టీవీల్లో ‘ఫ్లోరిడా’ అంటే మొత్తం రాష్ట్రం మునిగినట్టే చూపిస్తారు. ఇక్కడి ఉదయం 11 బులెటిన్ అక్కడ రాత్రి 8:30కి, రాత్రి 11ది మర్నాడు పొద్దున్న 8:30కి పడుతుంది. ఆ రెండు వేళలకే ఇంటి గ్రూపులో మీరే మూడు లైన్లు పెడతానని చెప్పండి: గాలి ఎప్పుడు మొదలవుతుంది, మా జోన్‌కు ఆదేశం ఉందా లేదా, తర్వాతి మెసేజ్ ఎప్పుడు. తుపాను రాత్రి టవర్లు పోవచ్చు, ఒక రోజు పలకకపోయినా కంగారుపడొద్దని ముందే చెప్పి ఉంచడం మర్చిపోవద్దు.

తీరం దాటిపోయాక ఒక్క సంగతి మిగులుతుంది. మీ వైపు ప్రమాదం సముద్రం నుంచి కాదు, వాన నుంచి. మిల్టన్ పోయి ఎండ కాశాక హిల్స్‌బరో, అలఫయా నదులు రోజుల తరబడి పెరిగి, ఉప్పెన జోన్‌లో లేని ఇళ్లలోకీ నీళ్లొచ్చాయి. హోటల్ బుకింగ్ తుపాను దాటిన రోజే క్యాన్సిల్ చేయకుండా, మీకు దగ్గరలోని నది గేజ్ అంకె తగ్గుముఖం పట్టేదాకా ఉంచండి.